నొప్పుల గోళీ ‘వేడి చేసింది’ అన్నోళ్లను పోనియ్యకుండ్రి

మందుల దుకాణంల కౌంటర్ పని అందరికి తేలికగ కనిపిస్తది. చీటీ చూసుడు, డబ్బా తీసుడు, కత్తెరతోని స్ట్రిప్ కత్తిరించుడు, ఇచ్చుడు. నేను గూడ గట్లనే అనుకొని చేరిన. ఏడో తరగతిల లెక్కల సారు, నేను ఒకర్నొకరం భరించలేక విడిపోయినం. ఆయన బడిలనే ఉన్నడు, నేనొచ్చి దిల్‌సుఖ్‌నగర్ల మందుల దుకాణంల పడ్డ. అప్పటికి నాకు తెల్సిన మందులు రెండే: కడుపునొప్పికి వాము, తలనొప్పికి నిద్ర.

ఇప్పుడు రిటైరైన. నా మోకాళ్లు నాకన్న ముందే రిటైరైనయి.

కొత్తగ కౌంటర్ మీదికొస్తున్న పిల్లలు అప్పుడప్పుడు అడుగుతరు, "అన్నా, మన దుకాణంల అన్నిటికన్న డేంజర్ మందు ఏది?" అని. నిద్రగోళీ అంటనేమో, గుండెమందు అంటనేమో అని చూస్తరు. అవి కావు. అవి అడిగేటోళ్లకు భయముంటది, ఇచ్చేటోనికి భయముంటది, డాక్టర్ సంతకం లేనిది చెయ్యి లేవది. నేను భయపడేది కీళ్లనొప్పులకు, మోకాళ్లవాపుకు మింగే గోళీకి. ఎందుకంటే దానికి ఎవ్వరూ భయపడరు. చాయ్ తాగినంత అలవాటుగ మింగుతరు, బిస్కెట్ ఇచ్చినంత అలవాటుగ మనమిస్తం.

సెట్

మా దిక్కు మోకాళ్లు నొస్తే మందు పేరు అడగరు. కౌంటర్ మీద చెయ్యి పెట్టి, మోకాలు చూపెట్టి, "ఒక సెట్ ఇయ్యి" అంటరు. సెట్ అంటే చిన్న కాయితం పొట్లం, అండ్ల రకరకాల రంగుల గోళీలు. ఒకటి వాపు తగ్గించే నొప్పుల గోళీ, ఒకటి గ్యాస్‌ది, ఒకటి విటమిన్. కొన్ని దుకాండ్లల్ల ఒక స్టెరాయిడ్ గూడ సప్పుడు చెయ్యకుండ దూరుతుండె. అది పడ్డదంటే కుంటుకుంట వచ్చిన ముసలామె మెట్లెక్కి, దిగి, మల్ల ఎక్కి చూపిస్తది. ఆ దుకాణం పేరు బస్తీ మొత్తం పాకుతది. పొట్లం మీద మాత్రం పేరుండది, తారీకుండది. ఏం మింగినవమ్మా అని అడిగితే, "పచ్చదొకటి, తెల్లదొకటి, ఇంకొకటి మంచం కింద పడ్డది" అంటది.

మా దుకాణంల సెట్లు బంద్ చేయించింది సుజాత మేడమ్. మేడమ్ మా ఫార్మసిస్ట్. ఆదివారం చర్చికి పోయొచ్చి, అదే తెల్లచీర మీద కోటు ఏసుకొని కౌంటర్ల నిలబడేది. స్ట్రిప్ ఎట్ల కత్తిరించాల్నో గూడ ఆమెనే నేర్పింది. పేరున్న ముక్క గిరాకీ చేతికే పోవాలె. లేకపోతే ఆ పేరు చీటీ మీద రాసియ్యాలె. "మనిషి దవాఖానల పడ్డనాడు ఆ ముక్కనే మాట్లాడుతది, యాదగిరన్నా" అనేది.

మా ఓనర్ రావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. ఆయనకు ఈ ముచ్చట్లు నచ్చకపోయేటివి.

"ఏంటమ్మా, అడిగింది ఇచ్చేస్తే పోయేదానికి ఇన్ని ప్రశ్నలా? వెనకాల లైను చూడండి ఒకసారి."

"ఆ లైన్ల ఉన్నోళ్లు రేపు గూడ రావాలె గద సార్."

"వస్తారు. రాక ఎక్కడికి పోతారు?"

"అదే సార్ నా భయం."

రావు గారు చెడ్డోడు కాదు. గిరాకీ పక్క దుకాణానికి పోతదని ఆయన భయం, గిరాకీ అసలుకే పోతదని మేడమ్ భయం. ఇద్దరి నడుమ నేను కత్తెర పట్టుకొని నిలబడేటోన్ని.

మోకాలుకొకటి, నడుముకొకటి

నర్సింహ ఆటో డ్రైవర్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదికెల్లి హయత్‌నగర్ దాకా షేరింగ్. నల్లగొండ దిక్కు మా పక్కూరోడు. చుట్టరికం ఏం లేదు గాని ఒకర్నొకరం బావా అనుకుంటం. చుట్టరికం లేని బావలకు తిట్టుకునే హక్కు జర ఎక్కువుంటది.

"ఏం బావా, ఇంకా ఈ దుకాణంలనే ఉన్నవా? సచ్చినవనుకున్న."

"నిన్ను పంపినంకనే పోత బావా. గోళీలు నా చేతులనే ఉన్నయి గద."

ఆటోకు బ్రేకు కుడికాలు కింద ఉంటది. మా రోడ్డు మీద ఆటో నడుపుడంటే సగం బ్రేకు తొక్కుడే. తొక్కి తొక్కి కుడి మోకాలు అరిగింది. ఎల్బీనగర్ల ఎముకల డాక్టర్ చూసి, కొన్ని రోజులు మింగమని నొప్పుల గోళీ రాసిండు, తగ్గకపోతే మల్ల రమ్మన్నడు. నర్సింహ గోళీ మింగుడు ఆపలె, మల్ల డాక్టర్ కాడికి పోలె. ఎవలన్న అడిగితే, "గోళీ నడుస్తున్నది గద, డాక్టర్ ఎందుకు?" అనేటోడు.

మా కాడ మేడమ్ అడ్డం పడ్తదని ఆయన మా దుకాణంల జెల్ ట్యూబు మాత్రమే కొనేటోడు. గోళీలు హయత్‌నగర్ల ఒక కాడ, చైతన్యపురిల ఒక కాడ. ఇదంత మాకు తర్వాత తెల్సింది. పొద్దుగాల ఎసిక్లోఫెనాక్, సాయంత్రం డైక్లోఫెనాక్. రెండూ ఒక్క జాతివే, ఒక్క కడుపునే కొరుకుతయి. కాని ఒకటి తెల్లగున్నది, ఒకటి పసుపుపచ్చగున్నది. మా బావ లెక్కల తెల్లది మోకాలుకు, పసుపుపచ్చది నడుముకు. గోళీ కడుపులకెల్లి నేరుగ ఎక్కడ నొస్తే అక్కడికే, మనం చెప్పిన స్టాపుల దిగినట్టు దిగుతదని ఆయన నమ్మకం. నవ్వకుండ్రి. కౌంటర్ మీద కొన్ని రోజులు నిలబడితే ఇట్లనే అనుకునేటోళ్లు మీకు గూడ మస్తు మంది కనబడ్తరు. చదువుకున్నోళ్లు గూడ ఉంటరు, వాళ్లు ఇదే మాట ఇంగ్లీషుల చెప్తరు.

ఇవి చాలవని ఇంకొకటి. అంతకుముందు ఛాతిల నొప్పొచ్చి దవాఖానల పడితే, రక్తం గడ్డకట్టకుండ రోజుకొక చిన్న గోళీ రాసిండ్రు. అది గూడ నడుస్తున్నది. పొద్దుగాల ఉత్త చాయ్ తాగి, అన్ని ఒక్కసారే నోట్లేసుకొని, ఆటో కిక్ కొట్టేటోడు.

వేడి

ఎండాకాలం. ఒకనాడు పొద్దుగాల గిరాకీ మస్తున్నప్పుడు నర్సింహ వచ్చిండు. ఆటో రోడ్డు పక్కకు పెట్టిండు, ఎనుక సీట్ల ప్యాసింజర్లు కూసొని గునుగుతున్నరు. మొఖం పాలిపోయున్నది.

"బావా, జర వేడి చేసింది. కడుపుల మంట. చల్లగయ్యేది ఏమన్న ఇయ్యి. సబ్జా గింజలు తాగుతున్న, తగ్గుతలేదు."

"నువ్వు పుట్టిందే ఎండల బావా. నీకు కొత్తగ వేడేంది?" అన్న నేను.

మా జనానికి అన్నిటికి ఈ ఒక్క మాటే. నోట్ల పొక్కులు లేస్తే వేడి. మూత్రం మండితే వేడి. కండ్లు ఎర్రగైతే వేడి. నొప్పుల గోళీ మింగి కడుపు పుండైతే, అది గూడ వేడే. వేడి అన్నంక దానికి మందు మజ్జిగ, సబ్జా, కొబ్బరినీళ్లు. ఎవ్వరికి పరేషాన్ ఉండది, ఎవ్వరూ డాక్టర్ కాడికి పోరు.

మేడమ్ చీటీ చదువుకుంటున్నదల్లా తలెత్తింది. "నర్సింహన్నా, కూసో. నొప్పుల గోళీలు ఏమన్న మింగుతున్నవా?"

"ఎప్పుడన్న ఒకటి మేడమ్."

"దొడ్డికి ఎట్ల అయితున్నది?"

నర్సింహ నా దిక్కు చూసిండు. నేను సీలింగ్ దిక్కు చూసిన. ఎనుక లైన్ల ఎవలో నవ్విండ్రు. ఆడమనిషి నలుగుట్ల అట్లడిగేసరికి మనిషి సిగ్గుతోని సగమైండు.

"ఏం మేడమ్, గది గూడ జీఎస్టీ కిందికొస్తదా?" అని నవ్వబోయిండు.

మేడమ్ నవ్వలె. "నల్లగ అయితున్నదా?"

ఆటోల ప్యాసింజర్ ఒకడు హారన్ కొట్టిండు. నర్సింహకు సందు దొరికింది. మెట్లు దిగుకుంట, ఊకె జోక్ ఏసినట్టు చెప్పి పోయిండు: "రోడ్డుకు తారు పోసినట్టే మేడమ్! వేడి గద!"

నేను గూడ నవ్వబోయిన. మేడమ్ మొఖం చూసి నోరు మూసుకున్న.

"యాదగిరన్నా, ఆయన్ను ఆపు. కడుపుల రక్తం కారుతున్నది. అది లోపల పాతబడి నల్లగ వస్తది. ఏ క్షణంల పడిపోతడో తెల్వది. అండ్ల ఆటో నడుపుతున్నడు."

కౌంటర్ మీదికెల్లి దునికిన. ఆటో అప్పటికే మెట్రో పిల్లర్ల సందుల కలిసిపోయింది. ఫోన్ చేసిన, మోగుతున్నది, ఎత్తుతలేడు. ఎనుకొస్తున్న ఇంకో ఆటో ఎక్కి, "ఎల్బీనగర్ దిక్కు పోనియ్యి, ముంగట పోయే ప్రతి ఆటోల మొఖం చూడాలె" అన్న. ఆ డ్రైవర్ నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిండు. చైతన్యపురి దాటినం, కొత్తపేట దాటినం. అన్నీ పచ్చ పసుపు ఆటోలే, అందరి వీపులు ఒక్కతీర్గనే ఉన్నయి. నాకు పాడు ఆలోచనలు. పడిపోతే పోయె, బ్రేకు మీద కాలు లేకుండ పడిపోతే? ఎనుక కూసున్నోళ్లెవలు? ముంగట ఎవలు దాటుతున్నరు? మల్ల మల్ల ఫోన్ చేసిన.

ఎల్బీనగర్ చౌరస్తాకు ఇవతల దొరికిండు. ఆటో పక్కకున్నది. ప్యాసింజర్లు దిగి, "తాగి నడుపుతడా?" అని తిడుతున్నరు. నర్సింహ హ్యాండిల్ మీద తల పెట్టిండు. అంగీ చెమటకు తడిసి ముద్దైంది, చేతులు సల్లగున్నయి.

"వచ్చినవా బావా," అన్నడు. "కండ్లకు చీకట్లొచ్చినయి. వేడి..."

"ఇంకోసారి వేడి అన్నవంటే ఈడనే కొడ్త," అన్న.

దవాఖానల

దగ్గర్లున్న దవాఖానకు తీస్కపోయినం. బీపీ చూసి సిస్టర్ ఉరికింది. డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఏ గోళీలు వాడుతున్నడు?" నేను నర్సింహ జేబుల చెయ్యి పెట్టిన. స్ట్రిప్ ముక్కలు దొరికినయి. ఒకదాని మీద పేరున్నది, ఇంకోదాని మీద లేదు. పసుపుపచ్చ గోళీ, ఎనుక ఉత్త వెండి కాయితం. డాక్టర్ దాన్ని వెలుతురుకు పెట్టి అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. మేడమ్ కత్తెర గురించి ఎందుకంత సతాయించేదో నాకు ఆడ అర్థమైంది.

నర్సింహ భార్య పద్మ వచ్చేసరికి రక్తం ఎక్కిస్తున్నరు. గొట్టం ఏసి కడుపు చూడనీకి లోపలికి తీస్కపోయిండ్రు. బయట బెంచీ మీద ఆమె, నేను.

"అన్నా, మోకాళ్లనొప్పికి మందు మింగితే కడుపుల రక్తం ఎట్లొస్తది? ఇంకేదన్న రోగమున్నదా, నాకు చెప్తలేరా?"

నేను ఎవల్నన్న నవ్వించగల్గుతనని నాకు పేరు. ఆ బెంచీ మీద ఆ పేరు పనికి రాలె. మేడమ్ ఫోన్ల చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పిన: నొప్పి పుట్టించేదాన్ని ఈ గోళీ ఆపుతది, దాంతోపాటు కడుపు గోడను కాపాడేదాన్ని గూడ ఆపుతది. రెండు జాతి గోళీలు కలిస్తే నొప్పి డబుల్ తగ్గది, పుండు డబులైతది. పైన రక్తం పల్చగజేసే గోళీ ఉంటే ఆ పుండు కారుడు ఆగది. పద్మ అన్ని విని, "మరి ఇవన్ని గోళీ అమ్మేటోళ్లకు తెల్సా?" అని అడిగింది.



సాయంత్రానికి డాక్టర్ బయటికొచ్చి పుండున్నదన్నడు, రక్తం ఆపినమన్నడు. ఇంకో పూట ఆలస్యమైతే మాట వేరే ఉండేదన్నడు. నొప్పుల గోళీ ఇగ ముట్టొద్దు. రక్తం పల్చగజేసే గుండె గోళీ మాత్రం ఎవలికి వాళ్లు ఆపొద్దు, అది గుండె డాక్టర్‌తోని మాట్లాడి తనే చెప్తనన్నడు.

నర్సింహకు తెలివొచ్చినంక ఈ మాట చెప్పిన. బతికినందుకు సంతోషపడ్తడనుకున్న. నా దిక్కు చూసి, "మరి నొప్పి ఎటు పోవాలె బావా?" అన్నడు.

నేనైతే ఏం అడుగుతనంటే

అప్పటిసంది నా కౌంటర్ మీద ‘వేడి’ అన్నోన్ని నేను పోనియ్యలె. పక్కకు పిలిచి, లైన్ల ఉన్నోళ్లకు ఇనబడకుండ అడిగేటోన్ని: దొడ్డికి నల్లగొస్తున్నదా, కాఫీ పొడి లెక్క వాంతైందా, లేస్తే కండ్లు తిరుగుతున్నయా? ఉన్నదంటే సబ్జా లేదు, గ్యాస్ గోళీ లేదు, నేరుగ దవాఖాన. ఐరన్ గోళీ మింగినా నల్లగొస్తది నిజమే. కాని అది తేల్చేది డాక్టర్, మన కౌంటర్ కాదు.

నొప్పుల గోళీ అడిగినోన్ని ముందుగాల అడగాల్సింది మోకాలు గురించి కాదు. ఇంకేం మింగుతున్నవ్, ఏడేడ కొన్నవ్, కడుపుల ఎప్పుడన్న పుండైందా? బీపీ, గుండె, కిడ్నీ, ఆయాసం ఏమన్న ఉన్నయా? ఆడపిల్లైతే కడుపుతోని ఉన్నదా అని గూడ అడగాలె. అరవై దాటినోళ్లను రెండుసార్లు అడుగుండ్రి. బీపీకి మూత్రం ఎక్కువొచ్చే గోళీ మింగుకుంట, మే నెల ఎండల నీళ్లు తక్కువ తాగి, మీదికెల్లి ఇది మింగితే కిడ్నీ దెబ్బతింటది. కాళ్లు ఉబ్బినయి, మూత్రం తక్కువైంది అంటే అది గూడ వేడి కాదు.

డాక్టర్ రాస్తే, తిన్నంక మింగాలె, రాసినన్ని రోజులే, తక్కువ మోతాదుల. ఒంట్ల ఆ జాతి గోళీ ఒక్కటే ఉండాలె, దాని అన్నదమ్ములు ఇంట్ల ఉండొద్దు. చానా నొప్పుల గోళీలల్ల పారాసిటమాల్ ముందే కలిపి ఉంటది. జ్వరానికని ఇంకోటి మింగితే అది లివర్ మీద పడ్తది. గ్యాస్ గోళీ తోడున్నది గద అని ఎంతైనా మింగొచ్చనుకోవద్దు. అది గొడుగు అసొంటిది, వాన ఆగది. మోకాలొక్కటే నొస్తే పైన రాసే జెల్‌తోని మొదలుపెట్టొచ్చు, కడుపుకు అంత తిప్పలుండది. ఊరి పొడి మందులల్ల, సెట్లల్ల ఏం కలిసినయో ఎవ్వరికి తెల్వది, కాబట్టి వొద్దే వొద్దు.

మీ ఓనర్ కోపం జేస్తడు. జెయ్యనీ. గిరాకీ గూడ కోపం జేస్తడు, "పోలీసోడు లెక్క అడుగుతవేంది?" అంటడు. నన్ను మస్తు మంది తిట్టిండ్రు. తిట్టనీకి మల్ల వచ్చిండ్రు గద, అదే నాకు సంతోషం.

ఫోన్

నేను రిటైరై వనస్థలిపురంల ఇంటి పట్టున ఉన్నంక, మొన్నొకనాడు కొత్త నంబర్ నుంచి ఫోనొచ్చింది. ఆడపిల్ల గొంతు.

"యాదగిరి అంకులేనా? హయత్‌నగర్ల మెడికల్ షాప్ నుంచి మాట్లాడుతున్న. ఈడ నర్సింహ అంకుల్ నొప్పుల గోళీ అడిగిండు. కడుపుల ఎప్పుడన్న రక్తం పోయిందా అని అడిగితే తిట్టిండు. తిట్టి, మీ నంబర్ ఇచ్చిండు."

"ఇచ్చినవా బిడ్డా?"

"లేదంకుల్. కుర్చీ ఏసి కూసోబెట్టిన. పోతలేడు, కుంటుతున్నడు."

బస్సెక్కి పోయిన. నర్సింహ కుర్చీల కూసొని మోకాలు రెండు చేతులతోని పట్టుకున్నడు. నన్ను చూసి మొఖం తిప్పుకున్నడు.

"వచ్చినవా సీఐడీ! ఈ పిల్లను గూడ నువ్వే తయారుజేసినవా?"

"నాకామె ఎవలో తెల్వది బావా. గోళీ ఎందుకడిగినవ్?"

మెల్లగ చెప్పిండు. "నువ్వు చెప్పినవని జెల్ రాస్తున్న. కుర్చీల కూసొని కాలు సాపి లేపే కసరత్ చేస్తున్న. పొట్ట గూడ తగ్గించిన. ఇయ్యాల పొద్దున సిగ్నల్ కాడ బ్రేకు మీద కాలు పెట్టిన బావా. నొప్పికి కాలు దిగలె. ముంగట ఒకామె పిల్లగాన్ని ఎత్తుకొని దాటుతున్నది. జానెడు దూరంల ఆగిన. గోళీ మింగితే నేను సస్త. మింగకపోతే ఎవల్నో చంపుత. ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు."

మింగొద్దని చెప్పుడు నేర్చుకున్న గాని, మింగనోని నొప్పిని గూడ మనమే పట్టించుకోవాల్నని అప్పటిదాక సోయి లేదు. "ఎముకల డాక్టర్ కాడికి పోదాం, కడుపు సంగతి మొదలే చెప్దాం, వేరే తొవ్వ ఏమున్నదో అడుగుదాం, ఇంజెక్షనో ఆపరేషనో ఏదో ఒకటి" అన్న. ఆటో తాళంచెవి అడిగి తీస్కున్న, ఆటోను దుకాణం ముంగట్నే ఉంచినం. ఆ పిల్ల బయటికొచ్చి ఇంకో ఆటో ఆపింది. నర్సింహకు చెయ్యిచ్చి ఎనుక సీట్ల కూసోబెట్టినం.

ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్కే ట్రాఫిక్కు. ముంగట డ్రైవర్ బ్రేకు తొక్కినప్పుడల్ల ఎనుక మా బావ కుడికాలు గూడ నేలను తొక్కుతున్నది, తొక్కినప్పుడల్ల పండ్లు బిగపడ్తున్నడు. ఆయన మోకాలు మీద చెయ్యి పెట్టిన.

"నువ్వు తొక్కకు బావా, ఆయన తొక్కుతడు," అన్న.

సరే అన్నట్టు తలూపిండు. మల్ల సిగ్నల్ పడ్డది. నా చెయ్యి కింద ఆ మోకాలు మల్ల బిగుసుకున్నది.